ఏటికొప్పాక వెళ్ళొచ్చాం... తెడ్లు చేసుకుంటున్నాం!

మగవాళ్ళు రిటైరయితే ఆడవాళ్ళకి పని పెరుగుతుందని మా అత్తగారు అంటూ ఉండేవారు. అప్పట్లో నవ్వుకునేదాన్ని. 2024 నవంబరు నెలాఖరున మావారు బ్యాంకులో పదవీ విరమణ చేసి, మెళ్ళో దండతో, చేతిలో గోడ గడియారంతో ఇంటికొచ్చాక గానీ ఆవిడ మాట నాకు అర్థం కాలేదు. ఉదయం పదింటికల్లా చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవారు. ఎక్కడికీ వెళ్ళేది లేదు. పేపరు చదివిందే చదవడం, నేను కూర తరుగుతుంటే వచ్చి “వంకాయలు ఇంత పెద్ద ముక్కలెందుకు?” అనడం! మీ ఇంట్లోనూ ఇలాంటి ఆయన ఉంటే నా బాధ మీకు తెలుస్తుంది.

ఆయనకి ఒక్కటే వ్యాపకం, చెక్కపని. మాది వడ్రంగుల కుటుంబం కాదు. చిన్నప్పుడు కోనసీమలో వాళ్ళ ఊళ్ళో ఇంటి పక్కనే ఒక వడ్రంగి తాత ఉండేవాడట. బడి వదలగానే ఆయన దగ్గర కూర్చుని ఉలి పట్టడం, చిత్రిక పట్టడం నేర్చుకున్నారు. ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారం వస్తే చాలు, పెరట్లో రంపం చప్పుడే. మా ఇంట్లో పీటలు, దేవుడి మందిరం, మా అమ్మాయి నడక నేర్చుకున్న మూడు చక్రాల బండి, నా కుంకుమ భరిణె, అన్నీ ఆయన చేతివే. వంటింట్లో తెడ్లు, పప్పుగుత్తి, కవ్వం కూడా. ఇన్నేళ్ళలో నేను ఒక్క తెడ్డు కొనలేదంటే నమ్మండి.

ఆ పెద్దమనిషి జనవరిలో ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి, “చెక్కబొమ్మల వ్యాపారం పెడదామనుకుంటున్నాను. పెరట్లో షెడ్డు, పెద్ద లేత్ మిషను, కోత మిషను... తొమ్మిది లక్షలవుతాయి. రిటైర్మెంటు డబ్బులో తీస్తాను” అన్నారు.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తొమ్మిది లక్షలు! మా అమ్మాయి పెళ్ళికని మేం అనుకున్నది ఆ డబ్బే. ఆ మాటే అన్నాను. “ముప్ఫై ఆరేళ్ళు ఇతరుల డబ్బు లెక్కపెట్టాను. నా డబ్బు నాకు నచ్చినట్టు ఒక్కసారి ఖర్చుపెట్టుకోకూడదా?” అన్నారు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అది ఒక్క ఆయన డబ్బేనా చెప్పండి? ఆ ముప్ఫై ఆరేళ్ళలో పాతికేళ్ళు క్యారేజీ కట్టింది నేను కాదూ? వారం రోజులు మా ఇద్దరి మధ్యా “అన్నం పెట్టాను”, “సరే” తప్ప మాటల్లేవు.

జనవరి 26న టీవీలో ఢిల్లీ కవాతు చూస్తున్నాం. మన ఆంధ్రప్రదేశ్ శకటం వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలు! ఆయన కుర్చీలోంచి లేచి టీవీ దగ్గరకెళ్ళి నిలబడిపోయారు. ఆ శకటానికి తర్వాత మూడో బహుమతి కూడా వచ్చింది. ఆయన వెనక నిలబడి నేనే అన్నాను, “మీరు షెడ్డు వెయ్యకముందు ఒకసారి ఆ ఊరు వెళ్ళి చూసొద్దాం. ఆ పని మీదే బతికేవాళ్ళని అడుగుదాం. వాళ్ళు సరేనంటే నేను అడ్డు చెప్పను” అని. నెల రోజుల్లో ఆయన మొహంలో నవ్వు చూడ్డం అదే మొదలు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం తెల్లవారుజామునే రాజమండ్రిలో విశాఖపట్నం బస్సెక్కాం. పులిహోర, పెరుగన్నం క్యారేజీలో సర్దాను. వడ్డించడానికి ఆయన చేసిన చింతకర్ర తెడ్డు కూడా సంచిలో పెట్టాను. అన్నవరం వచ్చేసరికి తెల్లారింది. రత్నగిరి మీద సత్యనారాయణస్వామికి బస్సులోంచే దణ్ణం పెట్టుకుని, “స్వామీ, ఈయనకి మంచి బుద్ధి ప్రసాదించు, నాకూ ప్రసాదించు” అనుకున్నాను. తుని దాటితే తాండవ నది, పాయకరావుపేట, నక్కపల్లి... ఆ తర్వాత అడ్డరోడ్డు. అక్కడ దిగి టీ తాగి, ఆటో మాట్లాడుకుంటే కాసేపట్లో ఏటికొప్పాక. విశాఖ వైపు నుంచి వచ్చేవారికి అరవై అయిదు కిలోమీటర్ల లోపే. 2022లో జిల్లాలు విడదీశాక ఈ ఊరు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది.

వరాహ నది ఒడ్డున చిన్న ఊరు. చుట్టూ పొలాలు, దూరంగా కొండలు. పేరు గొప్ప కదా, ఊరు కూడా గొప్పగా ఉంటుందనుకున్నాను. మామూలు పల్లెటూరే. కాకపోతే వీధిలో నడుస్తుంటే ఇళ్ళల్లోంచి ‘ఝుయ్’మని లేత్ మిషన్ల మోత వినిపిస్తుంది. గుమ్మాల పక్కన చిన్న చిన్న దుకాణాలు. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో బొంగరాలు, గిలకలు, కుంకుమ భరిణెలు, గాజులు, లక్కపిడతలు, పెళ్ళికొడుకు పెళ్ళికూతురు, ఎడ్లబండ్లు. చిన్నప్పుడు తిరనాళ్ళలో కొనుక్కున్న లక్కపిడతలు గుర్తొచ్చి, యాభైకి దగ్గర పడుతున్నానన్న సంగతి మర్చిపోయి రెండు పట్టుకున్నాను.

ఒక ఇంటి ముందు వసారాలో పెద్దాయన పని చేసుకుంటున్నాడు. మావారు తన సంగతి చెప్పుకుని, చూడొచ్చా అని అడిగారు. “రండి బాబూ, చూడ్డానికి డబ్బులేటి” అని పీటలు వేయించాడు.

వాళ్ళు వాడేది అంకుడు కర్ర. తెల్లగా, తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. చుట్టుపక్కల కొండల మీద పెరిగే చెట్టు. కర్ర తెచ్చి తొక్క తీసి బాగా ఆరబెట్టాలి. ఆరని కర్రతో చేస్తే తర్వాత బీట తీస్తుంది. ఎండిన ముక్కని లేత్ మిషనుకి బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనిస్తారు. మనం కొబ్బరి కోరు తీసినట్టు పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతుంది. చూస్తుండగానే దుంగ కాస్తా బొంగరమవుతుంది.

నాకు బాగా నచ్చింది రంగు వేసే పద్ధతి. కుంచె లేదు, డబ్బా లేదు. లక్కని నిప్పుల మీద వేడి చేసి, రంగు కలిపి, తిరనాళ్ళలో జీళ్ళపాకం సాగదీసినట్టు సాగదీసి సాగదీసి కడ్డీ చేస్తారు. తిరుగుతున్న బొమ్మకి ఆ కడ్డీ ఆనిస్తే ఒరిపిడి వేడికి లక్క కరిగి చెక్కకి అంటుకుంటుంది. ఆ మీదట మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. రంగులు కూడా మన వంటింటి సరుకులాంటివే. పసుపు రంగుకి పసుపు, నీలానికి నీలిమందు, ఆ రెండూ కలిపితే ఆకుపచ్చ, ఎరుపు నారింజలకి జాఫ్రా గింజలు. పసిపిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం ఉండకూడదని ఈ పద్ధతి. మధ్యలో కొన్నాళ్ళు రసాయన రంగులు వచ్చిపడితే, ఈ ఊరి సి.వి.రాజుగారు పూనుకుని ప్రకృతి రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. 2023లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే వేరే ఊళ్ళో చేసి ఏటికొప్పాక బొమ్మ అని అమ్మడానికి లేదన్న మాట.

మావారి చేతులు ఊరుకోవడం లేదు. అది చూసి పెద్దాయన, “మీరూ ఒకటి తియ్యండి బాబూ” అని లేచి చోటిచ్చాడు. ఈయన కూర్చుని, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని (పని చేసేటప్పుడు అలవాటు లెండి) ముప్పావుగంటలో బొంగరం తీశారు. ఎంత ముద్దుగా వచ్చిందనుకున్నారు! నాకే గర్వమనిపించింది. పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి, “చెయ్యి మంచిదే. ఇప్పుడు ఇలాంటివే ఇంకో పది తియ్యండి, అన్నీ ఒక్కలాగుండాల” అన్నాడు.

ఈయన నవ్వారు. ఆయన నవ్వలేదు. మళ్ళీ మొదలుపెట్టారు. రెండోది కాస్త లావు, మూడోది మెడ సన్నం, నాలుగోదానికి ఉలి జారి బొటనవేలు చీరుకుపోయింది. ఇంట్లోంచి పసుపు తెప్పించి అద్దాను. అప్పుడు పెద్దాయన చాలా మర్యాదగా చెప్పాడు. “తప్పనుకోకండి బాబూ. మీకిది సరదా. ఓ రోజు బుద్ధి పుట్టకపోతే మానేస్తారు. మాకు బుద్ధి పుట్టినా పుట్టకపోయినా కూర్చోవాల. వానాకాలం కర్ర ఆరదు. కర్ర దొరకడం కష్టమైపోతంది. మా పిల్లల్లో ఈ పనికి వచ్చినోళ్ళు తక్కువ. మీరు లక్షలు పోసి మాతో పోటీ పడితే మీకూ మిగలదు, మాకూ మిగలదు” అన్నాడు.

పక్క దుకాణం కుర్రాడు ఇంకో సంగతి చెప్పాడు. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల ఆటబొమ్మలు అమ్మాలంటే ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండాలట. హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకి, భౌగోళిక గుర్తింపు కింద నమోదైనవాళ్ళకి మినహాయింపు ఉంది. రేపు మావారు షెడ్డు వేసి బొమ్మలు చేసేస్తే చట్టం ఒప్పుకోదన్న మాట. ముప్ఫై ఆరేళ్ళు కాగితాలు చూసిన మనిషికి ఈ కాగితం సంగతే తెలియలేదు!

మావారి మొహం చూడలేకపోయాను. గెలిచానని సంతోషించాలి కదా నేను? ఒట్టు, అలా అనిపించలేదు. పరీక్ష తప్పిన కుర్రాడిలా ఆ బొంగరం చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఇంటికెళ్ళి మళ్ళీ ఆ వరండాలో కుర్చీలో కూర్చుంటారేమో అని నా గుండె గుబేలుమంది.

మధ్యాహ్నమైంది. వాళ్ళ వసారాలోనే క్యారేజీ విప్పాను. పెద్దాయన భార్యకి కూడా పులిహోర పెట్టబోతే, ఆవిడ నా చేతిలో తెడ్డు లాక్కున్నంత పని చేసింది. వేళ్ళతో తడిమి, అంచు చూసి, “ఇదెక్కడ కొన్నారమ్మా?” అంది. మావారే చేశారు, పదకొండేళ్ళ నుంచి వాడుతున్నానన్నాను. “ఏటీ! బాబుగోరు చేసిందా? మరి బొమ్మలెందుకమ్మా, ఇయ్యే చేసుకోక! నాకోటి చేసి పంపండి, డబ్బులిస్తాను” అంది. చుట్టూ అన్ని వందల బొమ్మలు చేసే ఇల్లాలు, మా ఇంటి తెడ్డు అడిగింది! మావారు తలెత్తి చూశారు.

బస్సులో వస్తూ తుని దాకా ఆయన మాట్లాడలేదు. తుని దాటాక, “చింతకర్ర మన కలప అడితిలో ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది” అన్నారు. “పప్పుగుత్తి తల కాస్త వెడల్పుగా చెయ్యండి, సన్నగా ఉంటే పప్పు మెదగదు” అన్నాను. అన్నవరం వచ్చేదాకా ఇద్దరం వంటింటి సామాను లెక్కపెట్టుకుంటూనే ఉన్నాం. మా పెళ్ళయ్యాక ఇంతసేపు ఒకే విషయం మీద పోట్లాడుకోకుండా మాట్లాడుకోవడం అదే మొదటిసారేమో!

ఇంటికొచ్చాక కాగితం మీద రాసుకున్నాం. తొమ్మిది లక్షలూ పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేశాం. అరవై నిండినవాళ్ళకి మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. వ్యాపారానికి అరవై వేలు, అంతే. పోయినా అమ్మాయి పెళ్ళి ఆగకూడదు. పాత చిన్న లేత్ మిషను ముప్ఫై రెండు వేలు, ఉలులూ ఇతర పనిముట్లూ తొమ్మిది వేలు, పెరటి వసారాకి రేకులు పన్నెండు వేలు, కర్ర ఏడు వేలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో మా అమ్మాయే చేసిపెట్టింది, దానికి రుసుము లేదు. ఇంకో షరతు నేను పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా మిషను ఆపాలి. పక్కింటి మామ్మగారు పడుకుంటారు.

మొదట్లోనే దెబ్బ తిన్నాం. ఆత్రం కొద్దీ సరిగ్గా ఆరని కర్రతో పన్నెండు తెడ్లు చేసి మా వీధిలో ఇచ్చారు. నెల తిరక్కుండా ఏడు బీట తీశాయి. పెద్దాయన చెప్పిన మాట విననందుకు శాస్తి! ఇంటింటికీ వెళ్ళి క్షమించమని వేరేవి ఇచ్చొచ్చాం. ఇప్పుడు కర్ర తెచ్చిన తేదీ దాని మీదే సుద్దతో రాసి నీడపట్టున పెడతారు. ఆరిందని తేలితేనే ఉలి పడుతుంది. రంగు వెయ్యరు, వార్నీషు వెయ్యరు. ఉప్పుకాగితంతో నునుపు చేసి, కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి పట్టిస్తారు.

లాభం ఎంతో తెలుసుకోవాలని ఉంది కదూ? దాచను. 2025 ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలల్లో 230 వస్తువులు అమ్మాం. వచ్చింది 41,400 రూపాయలు. కర్రకీ నూనెకీ 9,200, కరెంటుకి 2,400, బస్సు ఖర్చులు, కార్తీక మాసంలో గుడి దగ్గర బల్ల అద్దె కలిపి 3,800 పోగా 26,000 మిగిలింది. అంటే నెలకి 3,250. పెట్టుబడి ఇంకా తీరలేదు. దీంతో మేడలు కట్టం. కానీ అప్పు లేదు, నిద్ర పట్టని రాత్రి లేదు. తొమ్మిది లక్షలు పెట్టి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మీవారికో, మీ నాన్నగారికో ఇలాంటి సరదా ఉండి, దాన్ని వ్యాపారం చేస్తానంటే వెంటనే “వద్దు” అనకండి. “సరే” అని కూడా అనకండి. ఆ పని మీదే బతికేవాళ్ళ దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళండి. పోతే బాధపడనంత డబ్బే పెట్టనివ్వండి. ఒకేలాంటివి పది చేయించి చూడండి. లెక్క పుస్తకం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి!

చెక్క తెడ్ల గురించి కూడా రెండు మాటలు. వాటిని నీళ్ళల్లో నానబెట్టకండి, వాడిన వెంటనే కడిగి నిలబెట్టి ఆరనివ్వండి. మండుటెండలో పెట్టకండి. నెలకోసారి కాస్త కొబ్బరినూనె రాయండి. చేపల కూరకీ పాయసానికీ వేరువేరు తెడ్లు ఉంచుకోండి, వాసన పట్టేస్తుంది. బీట తీసిన తెడ్డు ఇక పారెయ్యడమే, ఆ సందులో ఎంగిలి చేరుతుంది.

ఏటికొప్పాక మాత్రం తప్పకుండా వెళ్ళండి. అన్నవరం దర్శనానికి వెళ్ళినప్పుడు ఆ పూటే చూసి రావచ్చు. బొమ్మలు వాళ్ళ గుమ్మంలోనే కొనండి, మరీ బేరమాడకండి. ఆ బొంగరం వెనక ఎన్ని చీరుకుపోయిన వేళ్ళున్నాయో నేను చూసొచ్చాను.

అన్నట్టు, ఆ ఇల్లాలికి తెడ్డు పంపాం. డబ్బులు పంపుతానంది కదా, డబ్బు రాలేదు. దానికి బదులు ఊరివాళ్ళెవరో ఇటు వస్తుంటే పసుపుపచ్చ కుంకుమ భరిణె ఒకటి పంపింది. మావారు చేసిన పాత భరిణె మూత వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోతుంది. ఇది ఎప్పుడు తీసినా సుళువుగా వస్తుంది. ఆయన దాన్ని రోజుకోసారి తీసి, మూసి, “ఎలా చేశారబ్బా!” అనుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోతారు. వరండాలో కుర్చీ ఇప్పుడు ఖాళీ. నేను కూరలు నాకిష్టమైనంత పెద్ద ముక్కలే తరుగుతున్నాను!